దశబంధం: చెరువు కాపాడినవారి పదోవంతు

రాయలసీమ పల్లెల్లో వరి పండిందంటే అది ముందుగా చెరువు గొప్పతనం, ఆ తరువాతే నేల గొప్పతనం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా కురిసే వాన చాలావరకు కొద్దిపాటి పెద్ద జల్లుల్లోనే వచ్చిపోతుంది. అడుగున గట్టి రాయి ఉన్న నేల కావడంతో నీరు లోతుగా ఇంకక వాగుల్లో పడి వెళ్లిపోతుంది. ఆ నీటిని వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి నిలిపితే తప్ప మాగాణి సాగు సాధ్యం కాదు కనుక, శతాబ్దాలుగా ఈ సీమలో ఊరి ఉనికే చెరువును అంటిపెట్టుకుని ఉంది. అయితే చెరువుకు ఉన్న శత్రువుల్లో అతి పెద్దది సేద్యమే. పైభాగపు మెట్టలను దున్నిన కొద్దీ, గుట్టల మీది చెట్లను నరికిన కొద్దీ వదులైన పైమట్టి వానతోపాటు కొట్టుకొచ్చి చెరువు గర్భంలో చేరుతుంది. ఏటేటా పేరుకునే ఈ పూడిక వల్ల నీరు నిలిచే చోటు తగ్గి, మరవ, అంటే అలుగు, ముందుగానే పారి, కట్ట తెగే ప్రమాదం పెరుగుతుంది. సేద్యం తెచ్చిపెట్టే ఈ నష్టాన్ని సేద్యపు ఆదాయంలోంచే పూడ్చడానికి తెలుగు నేల ఏర్పరచుకున్న ఆర్థిక వ్యవస్థ పేరు దశబంధం.

చెరువునో కాలువనో బావినో సొంత ఖర్చుతో కట్టినవారికి, లేదా పాడుబడినదాన్ని తిరిగి నిలబెట్టినవారికి, దాని కింద సాగయ్యే భూమిలో గాని, ఆ భూమి మీద ప్రభుత్వానికి రావలసిన శిస్తులో గాని కొంత భాగాన్ని వంశపారంపర్యంగా వదిలిపెట్టే ఇనామే దశబంధం. ‘ఇనాం’ అంటే శిస్తును పూర్తిగానో పాక్షికంగానో మినహాయించి ఇచ్చిన భూమి లేదా ఆదాయం. కాకతీయుల కాలపు శాసనాల్లోనూ, విజయనగర కాలపు శాసనాల్లోనూ ఈ మాట కనిపిస్తుంది; కొన్ని చోట్ల దాని రూపం ‘దశవంద’. కన్నడ సీమలో దీనికి దగ్గరి ఏర్పాటును ‘కట్టుకొడిగె’ అన్నారు. తమిళ దేశంలో చెరువు నిర్వహణకని విడిగా కేటాయించిన భూమికి ‘ఏరిపట్టి’ అని పేరు. పేర్లు, పద్ధతులు వేరైనా మూడింటి వెనుకా ఉన్న ఆలోచన ఒకటే: చెరువు తన ఖర్చును తానే సంపాదించుకోవాలి.

ఇటువంటి ఏర్పాటు ఎందుకు అవసరమైందో గ్రహించాలంటే దాని పక్కనే ఉన్న మరో విలువను చూడాలి. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటిగా, అంటే కొడుకును కన్నంత పుణ్యంగా, తెలుగువారు తలచారు. రాజులు, మంత్రులు, సేనానులు, దేవదాసీలు, వర్తకులు తమ పేరనో తల్లిదండ్రుల పేరనో చెరువులు తవ్వించి శాసనాలు వేయించారు. గణపతిదేవుని కాలంలో పాకాల చెరువు, రామప్ప చెరువు వెలిసింది ఈ భావన బలంతోనే. కాని పుణ్యం కట్టడానికి ప్రేరేపించినంతగా కాపాడడానికి ప్రేరేపించదు. కొత్త చెరువు తవ్వించినవాని పేరు రాతి మీదికి ఎక్కుతుంది. వేసవిలో పూడిక తీయించినవాని పేరు, కట్ట మీద మొలిచిన కంపను కొట్టించి ఎలుక బొరియలు మూయించినవాని పేరు ఏ శాసనంలోనూ నిలవదు. కీర్తి చేరని ఈ పనికి ఆదాయాన్ని జోడించడమే దశబంధం సాధించిన పని, ఆ వ్యవస్థలోని అసలైన తెలివి కూడా అదే.

చెరువు నిర్మాణం గురించి ఆ కాలపువారికి ఎంత లోతైన అవగాహన ఉండేదో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి ప్రాంతాన్ని పాలిస్తూ 1369లో అక్కడ అనంతరాజసాగరం అనే చెరువును కట్టించాడు. సంస్కృతంలో ఉన్న ఈ శాసనం రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు పనిచేయగా రెండేళ్లకు పని పూర్తయిందని చెప్పడంతో ఆగదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, దాన్ని చెడగొట్టే ఆరు దోషాలను వివరిస్తుంది. కట్టలోంచి నీరు ఊరడం, ఉప్పునేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, గర్భం మధ్యలో మిట్ట, నీరు కొద్దిగా ఉండి తడపవలసిన నేల ఎక్కువ కావడం, నేల కొద్దిగా ఉండి నీరు ఎక్కువ కావడం అన్నవే ఆ ఆరు. చివరి రెండూ ప్రత్యేకంగా గమనించదగినవి: నీటికీ నేలకూ మధ్య తూకం తప్పితే అది నిర్మాణ లోపమే అని పద్నాలుగో శతాబ్దపు శాసనకర్త భావించాడు. సరిహద్దు చెరువును దోషంగా లెక్కించడంలోనూ అనుభవం ఉంది, ఎందుకంటే ఇద్దరు ప్రభువుల మధ్య పడిన చెరువును బాగుచేయించే బాధ్యత ఎవరిదో తేలదు. పోరుమామిళ్ల చెరువు నేటికీ నిలిచి ఉంది.

దశబంధంలో రెండు రకాలు ఉండేవి. ఆయకట్టులో కొన్ని నిర్దిష్టమైన మళ్లను ఇనాందారుకు కేటాయిస్తే అది ‘ఖండం’ దశబంధం. విడిగా భూమి ఇవ్వకుండా మొత్తం ఆయకట్టు మీద వచ్చే ప్రభుత్వ భాగంలో వంతు ఇస్తే అది ‘శామిలాతు’ దశబంధం. ఈ తేడా లెక్కల పుస్తకానికి మాత్రమే సంబంధించినది కాదు. ఖండం దశబంధం పొందినవానికి తన మళ్లు తడిస్తే చాలు. అవి తూము దగ్గర ఉంటే చివరి మళ్లకు నీరు అందకపోయినా అతని ఆదాయం తగ్గదు. శామిలాతు పొందినవానికి మాత్రం ప్రతి మడీ లెక్కలోకి వస్తుంది. చిట్టచివరి మడి ఎండినా అతని వంతులో ఆ మేరకు కోత పడుతుంది కనుక, చెరువు నిండా నీరు నిలవడం, కాలువలు చివరిదాకా పారడం అతని సొంత అవసరమవుతుంది. పంటను కుప్పల దగ్గర కొలిచి పంచుకునే కాలంలో ఈ బంధం మరింత గట్టిగా ఉండేది, ఎందుకంటే పంట పెరిగితే వంతు పెరిగేది, కట్ట తెగిన ఏడు వంతే ఉండేది కాదు. పేరులో పదోవంతు ఉన్నా, చెరువు పెద్దదై ఖర్చు ఎక్కువైన చోట అంతకు మించి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

దేవాలయాలు ఇదే సూత్రాన్ని మరో దారిలో నడిపాయి. పదిహేను, పదహారు శతాబ్దాల తిరుమల శాసనాల ప్రకారం, భక్తులు స్వామి నైవేద్యానికి సమర్పించిన ధనాన్ని ఆలయ భాండాగారం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించి, అలా పెరిగిన పంటలోంచి ఆ నైవేద్యాన్ని శాశ్వతంగా నడిపించేది. చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్ 1960లో వెలువరించిన వ్యాసం ఈ ఏర్పాటును విశదంగా చర్చించింది. కాలువ పూడిపోతే నైవేద్యం ఆగిపోతుంది కనుక మరమ్మతు ఆలయానికి విధిగా మారింది. రాజనీతిలోనూ ఈ దృష్టి ఉంది: శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలువలు తవ్వించి పేద రైతుకు పన్ను తగ్గించి ఇస్తే రాజ్యానికి ధనమూ ధర్మమూ పెరుగుతాయని ఉపదేశించాడు.

ఈ వ్యవస్థను మచ్చలేనిదిగా చిత్రించడం చరిత్రకు అన్యాయమవుతుంది. వంతు దక్కింది పెట్టుబడి పెట్టగలిగినవారికి. కట్ట మీద మట్టి మోసిన వడ్డెరలకు, ఉప్పరులకు కూలి తప్ప తరతరాల హక్కు రాలేదు. రాత్రింబవళ్లు తూము దగ్గర కాపలా ఉండి మడి మడికీ నీరు పారించిన నీరుగంటికి, తెలంగాణలో నీరడికి, ముట్టింది కళ్లంలో కొలిచే కొద్దిపాటి మేర గింజలు, మహా అయితే చిన్న మాన్యం. వీరిలో చాలామంది దళిత కులాలవారు. అయినా వారికి దక్కిన ఆ కొద్దీ పంటతోనే ముడిపడి ఉండడం వల్ల, కట్టను అందరికన్నా ముందు కనిపెట్టుకుని ఉన్నది వారే.

1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి చేరిన దత్తమండలాలను 1807 దాకా పాలించిన థామస్ మన్రో, చెరువు కట్టడానికి అనువైన చోటు ఏదీ ఇక్కడి ప్రజలు వదిలిపెట్టలేదని, కొత్త చెరువులు కట్టబూనడం ఆశలేని ప్రయత్నమని గుర్తించాడు. అయినా అతను స్థిరపరచిన రైతువారీ విధానం, అంటే ప్రతి రైతు పొలానికీ ప్రభుత్వం నేరుగా నగదు శిస్తు విధించే పద్ధతి, ఊరి ఉమ్మడి లెక్కను విడగొట్టింది. పంట వంతు పోయి నిర్ణీత నగదు వచ్చాక, చెరువు నిండిన ఏటికీ సగం నిండిన ఏటికీ మధ్య తేడా దశబంధందారు ఆదాయంలో మునుపటిలా కనిపించలేదు. 1850ల నడుమ బెయర్డ్ స్మిత్ అనే ఇంజనీరు సేకరించిన అసంపూర్ణ లెక్కల ప్రకారమే మద్రాసు ప్రెసిడెన్సీలోని 14 జిల్లాల్లో 43,000 చెరువులు పనిచేస్తుండగా 10,000 చెడిపోయి ఉన్నాయి.

ఆ దశాబ్దం చివర ప్రభుత్వం రెండు పనులు చేసింది. 1858 నాటి నిర్బంధ శ్రమ చట్టం, కట్ట తెగబోయే వేళ ఊరివారు పనికి రాకపోతే శిక్షించే అధికారాన్ని అధికారులకిచ్చి, ‘కుడిమరామత్తు’ అనే ఉమ్మడి మరమ్మతు ఆచారాన్ని చట్టంతో నిలబెట్టాలని చూసింది. అదే ఏడు మొదలైన ఇనాం కమిషన్ ప్రతి ఇనాంనూ విచారించి, దశబంధాన్ని చెరువు మరమ్మతు షరతుకు లోబడిన ఇనాంగా గుర్తించింది. చెరువు బాగులేకపోతే భూమిపై పూర్తి శిస్తు వేయవచ్చన్నది ఆ షరతు. కాగితం మీద షరతు నిలిచింది. కాని ఆ షరతును అమలు చేయవలసినవారు ఊరికి దూరంగా ఉన్న రెవెన్యూ అధికారులు, కట్టను పరీక్షించవలసినవారు మరో శాఖ ఇంజనీర్లు. ఇనాందారుకు పట్టా చేతికి వచ్చాక అది అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలై, అమ్మకాల్లో చేతులు మారి, ఏ ముక్క ఎంత మట్టి ఎత్తాలో తేల్చలేని స్థితి వచ్చింది. బహుమానం వెనక్కు జరిగి శిక్ష ముందుకు వచ్చిన ఈ మార్పే చెరువులకు పెద్ద దెబ్బ అని చెప్పక తప్పదు. 1876–78 నాటి ధాత కరువు దత్తమండలాలను కబళించిన తరువాత, 1883లో ప్రభుత్వం తన ఖర్చుతో చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ప్రారంభించింది.

ఇరవయ్యో శతాబ్దంలో బావుల మీద ఇంజన్లు, కరెంటు మోటార్లు, ఆపై బోర్లు వచ్చాక చెరువు లేకుండానే మడి తడపవచ్చన్న నమ్మకం కలిగింది. ఆ బోర్లకు భూగర్భంలో నీరు నింపేది చెరువే అయినా, ఏ రైతు ఆదాయంలోనూ ఆ సంగతి లెక్కకు రాలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత విద్యుత్తు అప్పుల్లో మునిగిన రైతుకు ఊరటే అయింది. అయితే అది కూడా ఒక ఆర్థిక ప్రోత్సాహమే, నీరు తోడినవానికి దక్కేదే తప్ప నీరు నిలిపినవానికి దక్కేది కాదు. ప్రకృతికి మేలు చేసే రైతుకు డబ్బు చెల్లించే పద్ధతిని నేటి ఆర్థికవేత్తలు ‘పర్యావరణ సేవలకు చెల్లింపు’ అంటున్నారు. కోతకు గురయ్యే నేలను సాగు మానినందుకు రైతులకు ఏటా అద్దె చెల్లించే పథకాన్ని అమెరికా 1985లో చట్టం చేసింది. శామిలాతు దశబంధం ఆ కోవలోనిదే, పైగా చెల్లింపును పంటకే ముడివేసినది.

1997లో ఆంధ్రప్రదేశ్ చేసిన సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు చెరువులను అప్పగించింది గాని, నిలకడైన ఆదాయాన్ని అప్పగించలేదు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో పాత సూత్రం ఒకటి మళ్లీ కనిపించింది: ప్రభుత్వం తవ్వించిన పూడికమట్టిని రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో తమ చేలకు తోలుకున్నారు, ఎందుకంటే ఆ ఒండుమట్టి తేమను నిలిపి ఎరువుల ఖర్చు తగ్గిస్తుంది. మెట్టల నుంచి కొట్టుకొచ్చిన సారం అలా తిరిగి మెట్టలకే చేరింది. తవ్వకం ముగిశాక ఏటేటా ఆ చెరువును చూసుకునేవారికి మాత్రం వంతేమీ ఏర్పడలేదు.

దశబంధం ఇనాంలు 1956 నాటి ఆంధ్ర ప్రాంత ఇనాంల రద్దు చట్టంతో చరిత్రలోకి జారిపోసాగాయి. అయినా రాయలసీమ పాత రీసెటిల్‌మెంటు రిజిస్టర్లలో కొన్ని సర్వే నంబర్ల ఎదుట ‘దశబంధం’ అన్న మాట ఇంకా ఉంది. ఆ భూమిని అమ్మబోయేవారికి, కొనబోయేవారికి అదొక హక్కు చిక్కుముడిగా ఎదురవుతోంది, ఆ మాట ఏ చెరువు కట్ట కోసం రాశారో రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడిగేవారు లేరు.