చెరువు కట్ట పుట్టుపూర్వోత్తరాలు: సగం మన్ను, సగం కట్టుబాటు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో కట్టించినవాడు విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. భవదూరుడన్నది ఆయనకే మరో పేరు. ఆ చెరువు దగ్గర ఆయన వేయించిన సంస్కృత శాసనం రాజు బిరుదులు, దాన ఫలాలు చెప్పి ఊరుకోలేదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువును చెడగొట్టే ఆరు దోషాలను వరసగా పేర్కొంది. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు పనిచేసిన లెక్క కూడా అందులోనే ఉంది. మన పల్లెల్లో కనిపించే మట్టికట్ట ఎలా పుట్టిందో తెలుసుకోవడానికి దీన్ని మించిన సాక్ష్యం మనకు అరుదు. ఈ శాసనాన్ని జాగ్రత్తగా చదివితే, చెరువంటే మట్టి పని ఒక్కటే అని మన పెద్దలు ఎన్నడూ అనుకోలేదని తేలుతుంది. కట్టను ఎవరు చూసుకోవాలి, నీళ్లు ఎవరు పంచాలి, ఆ పనికి కూలి ఎక్కడినుంచి రావాలి అన్న ఏర్పాటు కూడా వాళ్ల దృష్టిలో కట్టలో భాగమే. గత నూటయాభై ఏళ్లలో మన చెరువులు పాడుబడ్డాయంటే ముందు తెగింది ఆ ఏర్పాటే. కట్ట తెగడం తరవాతి మాట.

ఆ ఆరు దోషాలూ ఏమిటో చూడండి. కట్టలోంచి నీరు ఊరడం ఒకటి, చవుడు నేల ఒకటి, చెరువు కడుపులో తాబేటి వీపులా మెరక ఉండటం మరొకటి. ఇవి మూడూ నేలకు సంబంధించినవి. వచ్చే నీరు తక్కువై తడపాల్సిన పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం చాలకపోవడం అన్న రెండూ కొలతకు సంబంధించినవి. ఈనాటి ఇంజనీరు పరీవాహక ప్రాంతాన్నీ ఆయకట్టునూ బేరీజు వేసేది సరిగ్గా ఇందుకే. మిగిలిన ఆరో దోషం మాత్రం మట్టిలోనూ లేదు, నీటిలోనూ లేదు. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండకూడదట! నేల గట్టిదైనా, నీరు పుష్కలంగా ఉన్నా, ఇద్దరు ఏలికల మధ్య పడిన చెరువుకు మరమ్మతు చేసే దిక్కు ఉండదు, నీటి తగువు తీర్చే పెద్ద ఉండడు. కట్ట ఊటనూ పాలన చిక్కునూ ఒకే జాబితాలో, ఒకే బరువుతో రాయించారంటే ఆ కాలానికి ఎంత స్పష్టత ఉందో ఊహించవచ్చు. పన్నెండు అంగాల్లోనూ ఇదే తీరు. గట్టి బంకమన్ను, మూడు యోజనాల దూరం నుంచి పారివచ్చే తియ్యటి నీటి ఏరు, కట్టకు రెండు కొసలా ఆనుకునే కొండ, నిడుపాటి రాళ్లు దొరికే గని, వీటి పక్కనే ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు, పని వచ్చిన కూలీలు.

పోరుమామిళ్ల ఒంటరి ఉదాహరణ కాదు. అంతకు నూటయాభై ఏళ్ల ముందే కాకతి గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడినీ చెరువునూ కట్టించాడు, జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. రెండు గుట్టల నడుమ సందును మట్టితో మూసి వాగును నిలబెట్టడం ఈ అన్నిటికీ ఉమ్మడి సూత్రం. దీనికి కారణం మన నేలలోనే ఉంది. తెలంగాణ, రాయలసీమ మెట్టల్లో పైపొర పలచన, కింద గట్టి రాయి. ఏడాది వాన నాలుగైదు నెలల్లోనే కురిసి పోతుంది. డెల్టాలో లాగా పెద్ద ఏటిని తిప్పుకునే వీలు లేదు. అందుకే పల్లానికి పల్లం ఒక కట్ట వేసి, పై చెరువు అలుగు పారిన నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా అమర్చుకున్నారు.

మట్టికట్ట బలం, బలహీనత రెండూ మట్టే. కట్ట మీదుగా నీళ్లు పొర్లితే గంటల్లో కోసుకుపోతుంది. రాతి గోడ ఓర్చుకున్నట్టు మట్టి ఓర్చుకోదు. కాబట్టి చెరువులో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం కట్ట కాదు, పక్కన రాతితో కట్టిన పొర్లుకట్టు. కోస్తాలో అలుగు అన్నా, తెలంగాణలో మత్తడి అన్నా, సీమలో మరువ అన్నా అదే. ఆయకట్టు రైతులు నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయని దాని మీద ఇసుక బస్తాలు వేసినా, కింద దాని వాగును ఎవరో పూడ్చి చదును చేసినా గండి కట్టకే పడుతుంది. ఇక లోపలి శత్రువులు ఉండనే ఉన్నాయి. ఎలుక బొరియ, ఎండ్రకాయ బొక్క, కట్ట మీద మొలిచిన కంపచెట్టు వేరు. చెట్టు కొట్టేశాక వేరు లోపలే కుళ్లి గొట్టంలా ఖాళీ మిగులుతుంది. చెరువు నిండిన రోజు నీళ్లు ఆ దారి పడతాయి. కట్ట వెనక పాదం దగ్గర చెమ్మ కనబడి, ఊరే నీళ్లు తేటగా ఉన్నంతసేపు భయం తక్కువ. ఆ నీళ్లు ఎర్రబడి మన్ను తెస్తున్నాయంటే బుంగ పడుతున్నట్టే. ఆ తేడాను గమనించేందుకు నిండుచెరువు రాత్రి కట్ట మీద ఒక మనిషి తిరగాలి. మన ఊళ్లలో ఆ మనిషి పేరు నీరటి, నీరుగంటి. తూము రాతిస్తంభాల మధ్య దిగిన కొయ్య బిరడాను ఎంత లేపాలో, ఏ మడికి ఎన్ని జాములు పారించాలో అతనికి తెలుసు. నీళ్లు చాలని ఏడు ఊరంతా కూర్చుని తైబందీ చేసి, ఈసారి ఇంత పొలమే నాటాలని తీర్మానిస్తే దాన్ని అమలు చేసేవాడూ అతనే. కళ్లంలో అతనికి మేర కొలిచేవారు. చెరువు తవ్వించినవారికో, మరమ్మతు బాధ్యత మోసేవారికో ఆయకట్టులో పదో వంతు చొప్పున విడిచిన దశబంధ మాన్యాలు మన శాసనాల్లో తరచూ కనబడతాయి. అంటే మరమ్మతు ఖర్చు చెరువు పుట్టిననాడే చెరువు కింది పొలంలోంచి కేటాయించారన్నమాట.

ఈ ఏర్పాటు ఎప్పుడు సడలిందో చెప్పడానికి చట్టాలే చాలు. మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. కట్టకు గండి పడే ప్రమాదం వస్తే రైతులను బలవంతంగానైనా పనిలోకి దింపవచ్చనీ, ఆనవాయితీగా రావలసిన శ్రమను వసూలు చేయవచ్చనీ దాని సారాంశం. వాడుకలో జరిగిపోయే పనికి శిక్షల చట్టం అవసరం పడిందంటే, అప్పటికే వాడుక పట్టు తప్పిందని అర్థం. ఆ తరవాత చెరువు ఆదాయం ఖజానాకు, బాగోగులు శాఖకు వెళ్లాయి. ఊరికి మిగిలింది అర్జీ పెట్టుకోవడం. స్వాతంత్య్రం వచ్చాక పెద్ద ప్రాజెక్టులు, ఆ పైన బోరుబావులు వచ్చి చెరువు మీద ధ్యాసను మరింత తగ్గించాయి.

ఆ ఏర్పాటును మళ్లీ నిలపాలన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. ఆ పాత ఏర్పాటు సమానమైనది కాదు. మన్ను మోసింది ఒడ్డెరలు, వెట్టిచేసింది దళితులు. తూము కింద మొదటి మడి మాత్రం పెద్దకులం వాళ్లది. ఈ నిజాన్ని కప్పిపెట్టి చెరువుల స్వర్ణయుగం గురించి రాయడం తప్పు. కానీ పోవలసింది వెట్టి, కావలి కాదు. మనం రెండింటినీ కలిపి పోగొట్టుకున్నాం. జీతమిచ్చి, గౌరవమిచ్చి ఆ కొలువును నిలపడానికి ఏ అడ్డూ లేదు. రెండో అభ్యంతరం నీటిపారుదల లెక్కలు చూసేవారిది: చెరువు లోతు తక్కువ, ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ, దానికన్నా పెద్ద జలాశయం మేలు కదా అంటారు. ఆవిరి మాట నిజం. అయితే పెద్ద జలాశయం కాలువ మెట్ట ఎక్కాలంటే ఎత్తిపోతలు, కరెంటు కావాలి. చెరువు నీరు పుట్టినచోటే నిలుస్తుంది. పైగా చెరువు పని తూముతో ఆగదు. దాని కింది బావుల్లో ఊట నిలబెట్టేది, పశువులకు నీళ్లిచ్చేది, చాకిరేవుకు చోటిచ్చేది అదే. ఎండాకాలం ఊరి తాగునీటి బోరు పనిచేయడమూ చాలాచోట్ల పక్క చెరువు నిండిందా లేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది. బోర్లుండగా చెరువెందుకు అనేవారు ఆ బోరులోకి నీరు ఎక్కడినుంచి దిగుతోందో ఆలోచించడం లేదు.

మూడో మాట, ప్రభుత్వాలు పట్టించుకుంటున్నాయి కదా అన్నది. కొంత నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలను తెచ్చింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తీసి ఇస్తే రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. ఒండ్రు విలువ రైతుకు ఒకరు చెప్పాలా! ఆ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే, ఎందుకంటే అక్కడ ఊరు చెరువుతో మళ్లీ ఇచ్చిపుచ్చుకుంది. కానీ పూడిక ఏటా వస్తుంది, కంపచెట్టు ఏటా మొలుస్తుంది. ఒకసారి నిధులిచ్చి ముగించే పథకం ఎంత పెద్దదైనా ఏటేటా చేయాల్సిన పనికి బదులు కాలేదు. సంఘానికి ఎన్నిక జరగకపోతే, తూము కాసే మనిషికి జీతం లేకపోతే, చెరువు కడుపైన శిఖం భూమిలో ప్లాట్లు వేసినవాణ్ని అడిగేవాడు లేకపోతే, శాసనం చెప్పిన పొలిమేర దోషం ఏ పొలిమేరా లేని ఊరి నడిబొడ్డున కూడా పుడుతుంది. పంచాయతీ ఇది శాఖ పని అంటుంది, శాఖ రెవెన్యూది అంటుంది, ఆక్రమణ మాత్రం ఆగదు.

ఈసారి మీ ఊళ్లో గ్రామసభ జరిగినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మన చెరువు తూము ఎవరి చేతిలో ఉంది? అలుగు వాగు ఎక్కడిదాకా తెరిపిగా ఉంది? కట్ట మీద కంప కొట్టడానికి ఈ ఏడు ఎంత పెట్టారు? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఆ పని జూన్ వానలు పడకముందే కావాలి.