విరళ మృత్తిక అయస్కాంతాల పునశ్చక్రీయం

విరళ మృత్తిక అయస్కాంతాల పునశ్చక్రీయం లేదా రీసైక్లింగ్ అనగా పాడైన యంత్రాలలోను, అయస్కాంత కర్మాగారాలలోను మిగిలిపోయిన శాశ్వత అయస్కాంతాల తుక్కును సేకరించి, దాని నుండి లోహాలను గాని, మిశ్రలోహపు పొడిని గాని, నేరుగా కొత్త అయస్కాంతాలను గాని తయారుచేయడం. ఈ తుక్కులో అధికభాగం నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాలది. సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల వాటా తక్కువ. గని నుండి వచ్చే ముడి ఖనిజం కంటే ఈ తుక్కులో విరళ మృత్తికల శాతం ఎంతో ఎక్కువ. అయినప్పటికీ 2010 తరువాతి తొలి సంవత్సరాలలో వెలువడిన అంచనాల ప్రకారం, వాడి పారేసిన వస్తువులలోని విరళ మృత్తికలలో 1 శాతం కూడా తిరిగి వాడుకలోకి రాలేదు.

నేపథ్యం

"విరళ" అనే పేరు కొంత తప్పుదారి పట్టించేదే. భూమి పైపొరలో నియోడిమియం సీసం కంటే ఎక్కువగా ఉంది. అయితే ఈ మూలకాలు ఒకే ఖనిజంలో కలిసి ఉంటాయి. రసాయన ధర్మాలలో ఒకదానినొకటి పోలి ఉండడం వలన వాటిని విడదీయడం శ్రమతోను, ఖర్చుతోను కూడిన పని.

సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు 1960లలో రూపొందాయి. నియోడిమియం అయస్కాంతాన్ని 1980ల ఆరంభంలో జపాన్‌లోని సుమితోమో స్పెషల్ మెటల్స్ సంస్థలో మసాతో సగావా, అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో జాన్ క్రోట్ వేర్వేరుగా కనుగొన్నారు. దీని బరువులో సుమారు 30 శాతం విరళ మృత్తికలు, 1 శాతం బోరాన్, మిగిలినదాదాపు అంతా ఇనుము. వేడిలో పనిచేసే మోటార్ల కోసం ఇందులో డిస్ప్రోసియం లేదా టెర్బియం కొద్దిగా కలుపుతారు. ఈ రెండూ నియోడిమియం కంటే ఖరీదైనవి.

తుక్కు లభించే చోట్లు

కర్మాగారంలో అయస్కాంతపు దిమ్మెను కోసి, అరగదీసి కావలసిన ఆకారానికి తెచ్చేటప్పుడు గణనీయమైన భాగం రజనుగా పోతుంది. ఇది నూనెతో కలిసి, గాలికి ఆక్సీకరణం చెంది ఉంటుంది. దీనిని తయారీదారులే చాలాకాలంగా శుద్ధికి పంపుతున్నారు.

వాడిన వస్తువుల సంగతి వేరు. కంప్యూటరు హార్డ్ డిస్కులో ఉండే అయస్కాంతం కొన్ని గ్రాములే. విద్యుత్ కారు మోటారులో 1 నుండి 2 కిలోల వరకు ఉంటుంది. గేర్లు లేని పెద్ద గాలిమరలలో ఒక్కొక్క మెగావాట్‌కు సుమారు 600 కిలోలు వాడతారు. సాధారణంగా పాత హార్డ్ డిస్కులను యంత్రంలో వేసి ముక్కలు చేస్తారు. పెళుసైన అయస్కాంతం అక్కడే నుజ్జయి, చుట్టూ ఉన్న ఇనుప ముక్కలకు అంటుకొని వాటితోపాటు కొలిమిలోకి పోతుంది. కొలిమిలో నియోడిమియం ఆక్సైడుగా మారి చిట్టెంలో కలిసిపోతుంది. విరళ మృత్తికలు ఎక్కువగా నష్టమయ్యేది ఈ దశలోనే.

రసాయన మార్గం

తుక్కును గాలిలో వేయించి, ఆక్సైడులుగా మార్చి, ఆమ్లంతో చర్య జరుపుతారు. వేయించిన ఇనుము సజల ఆమ్లంలో అంతగా కరగదు, విరళ మృత్తికలు కరుగుతాయి. ఆ ద్రావణానికి ఆక్సాలిక్ ఆమ్లం కలిపితే ఆక్సలేట్లు అవక్షేపంగా దిగుతాయి. వాటిని కాల్చితే ఆక్సైడు వస్తుంది. నూనె పట్టిన రజనుకు, ఏ రకమో తెలియని కలగలుపు తుక్కుకు ఇదే తగిన పద్ధతి. కానీ ఆక్సైడును మళ్ళీ లోహంగా మార్చడానికి కరిగిన లవణాలలో విద్యుద్విశ్లేషణ జరపాలి, ఆపైన మిశ్రలోహం చేయాలి. అనగా గని నుండి వచ్చిన దారిలో సగం మళ్ళీ నడవవలసిందే. ఆమ్లపు వ్యర్థ జలాల సమస్య అదనం.

హైడ్రోజన్ మార్గం

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రెక్స్ హారిస్ బృందం అభివృద్ధి చేసిన ఈ పద్ధతి మిశ్రలోహాన్ని విడదీయదు. అయస్కాంతంలోని స్ఫటిక రేణువుల మధ్య నియోడిమియం అధికంగా ఉన్న పలుచని పొర ఉంటుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్దనే హైడ్రోజన్ వాయువు మొదట ఆ పొరలోకి, తరువాత రేణువులలోకి చొచ్చుకుపోతుంది. ఘనపరిమాణం సుమారు 5 శాతం పెరిగి, లోపలి ఒత్తిడికి అయస్కాంతం దానంతట అదే పగిలి పొడి అవుతుంది. పైనున్న నికెల్ పూత పొరలుగా ఊడి వస్తుంది. హైడ్రోజన్ పీల్చుకున్న పొడికి శాశ్వత అయస్కాంతత్వం దాదాపు పోతుంది కనుక అది ఇనుముకు అంటుకోదు. రంధ్రాలున్న పీపాలో హార్డ్ డిస్కులను తిప్పితే పొడి కిందికి రాలుతుంది. మర చుట్టూ కట్టిన మోటారు భాగాలకు కూడా ఇది పనికివస్తుంది, అయితే హైడ్రోజన్ లోపలికి చేరేలా పై తొడుగును ముందు తెరవాలి.

ఈ పొడిని జల్లించి నికెల్ తీసివేసి, మరింత మెత్తగా నూరి, అయస్కాంత క్షేత్రంలో రేణువులను ఒకే దిశకు మళ్ళించి అదిమి, శూన్యంలో 1,000 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేస్తారు. అప్పుడు హైడ్రోజన్ బయటికి పోయి గట్టి దిమ్మె తయారవుతుంది. పాత తుక్కులో చేరిన ఆక్సిజన్ కొంత నియోడిమియాన్ని తినివేస్తుంది కావున కొత్త నియోడిమియం హైడ్రైడు కొద్ది శాతం కలపడం అవసరం. తుక్కులో రకరకాల అయస్కాంతాలు కలిస్తే ఫలితం మధ్యరకంగా ఉంటుంది. ఏరి వేరుచేయడమే ఇక్కడ అసలు పని. పొడి గాలి తగిలితే దానంతట అదే మండగలదు కనుక విద్యార్థులు ఇటువంటి ప్రయోగాలకు పూనుకోరాదు.

విడదీయడంలోని చిక్కు

హార్డ్ డిస్కులను పీపాలో దొర్లించి భాగాలుగా విడదీసే యంత్రాన్ని 2010లో హిటాచీ సంస్థ ప్రకటించింది. వస్తువులో అయస్కాంతం ఉన్నదీ లేనిదీ, ఏ రకమో తెలిపే చీటీ ఉండాలని 2024లో వచ్చిన ఐరోపా సమాఖ్య కీలక ముడిపదార్థాల చట్టం నిర్దేశించింది. ధరలు కూడా పెద్ద అడ్డంకి. 2010లో చైనా ఎగుమతులను తగ్గించినప్పుడు ధరలు ఆకాశాన్నంటి, 2011 తరువాత పడిపోయాయి. అటువంటి ఒడిదుడుకులలో తుక్కు కోసం కర్మాగారం కట్టేందుకు పెట్టుబడిదారులు వెనుకాడడం సహజం.

భారతదేశంలో

2023 మే నెలలో విశాఖపట్నంలో ఐఆర్‌ఈఎల్ సంస్థ ఏడాదికి 3,000 కిలోల సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దీని పరిజ్ఞానం భాభా అణు పరిశోధన కేంద్రం, హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం అందించినవి. నియోడిమియం అయస్కాంతాలకు మాత్రం దేశం అధికంగా చైనాపై ఆధారపడింది. 2025 ఏప్రిల్‌లో చైనా విధించిన అనుమతి నిబంధనలతో వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. ఆ ఏడాది సెప్టెంబరులో కీలక ఖనిజాల పునశ్చక్రీయానికి 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని, నవంబరులో 6,000 టన్నుల వార్షిక సామర్థ్యం లక్ష్యంగా అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది.

మన దేశంలో పాత కంప్యూటర్లను చాలావరకు చిన్న దుకాణాలలో సుత్తి, స్క్రూడ్రైవరులతో చేతిపనిగానే విప్పుతారు. రాగి, అల్యూమినియం, సర్క్యూట్ బోర్డులు వేరై ధర పలుకుతాయి. యంత్రంలో నుజ్జయ్యే అయస్కాంతం ఈ చేతులలో చెక్కుచెదరకుండా బయటికి రాగలదు, కానీ కొనేవారు లేనిచోట అది ఇనుప తుక్కుతోనే తూకానికి పోతుంది.