పుట్ ఆఫ్ వేరు, కాల్ ఆఫ్ వేరు: రోజువారీ ఇంగ్లిష్‌లో ఫ్రేజల్ వెర్బ్స్

'ద పేరెంట్స్ మీటింగ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ మండే' అని స్కూలు నుంచి మెసేజ్ వచ్చిందనుకోండి. పుట్ అంటే పెట్టడం, ఆఫ్ అంటే ఆపేయడం అని మనకు తెలుసు. రెండూ కలిపి 'మీటింగ్ లేదు' అనుకుని ఊరుకుంటే, సోమవారం మీ బిడ్డ తరఫున అక్కడ ఎవరూ ఉండరు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. రద్దు చేస్తే కాల్ ఆఫ్ అంటారు.

ఇలా ఒక క్రియకు అప్, డౌన్, ఆఫ్, అవుట్ వంటి చిన్న మాట చేరి, కొత్త అర్థం ఇస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు.

మనకు కొత్తేమీ కాదు

తెలుగులో 'కొట్టేశాడు' అంటే దొంగిలించాడనే అర్థం కూడా ఉంది. 'ఎత్తిపొడిచింది' అంటే ఎత్తడమూ లేదు, పొడవడమూ లేదు, దెప్పడమే. 'చేతులెత్తేశాడు' అంటే ఇక నావల్ల కాదన్నాడు. ఇంగ్లిష్‌లో దీన్నే గివ్ అప్ అంటారు.

ఉర్దూలో ఇంట్లో 'టాల్ దియా' అంటాం, కాగితం మీద 'ముల్తవీ' అని రాస్తాం. ఇంగ్లిష్‌లోనూ అంతే. మాటల్లో పుట్ ఆఫ్, ఆఫీసు ఉత్తరంలో పోస్ట్‌పోన్. మాటల్లో లుక్ ఇంటు, ఉత్తరంలో ఇన్వెస్టిగేట్. పిల్లలు పుస్తకంలో రెండో రకం నేర్చుకుంటారు, బయట మొదటి రకం వింటారు. తడబాటు అక్కడే వస్తుంది.

ఆస్పత్రిలో

డాక్టర్ 'కట్ డౌన్ ఆన్ సాల్ట్' అంటే ఉప్పు తగ్గించమని. 'కట్ అవుట్ సాల్ట్' అంటే పూర్తిగా మానేయమని. ఒక్క చిన్న మాట తేడాతో వైద్యం మారిపోతుంది.

'షీ పాస్డ్ అవుట్' అంటే ఆమె స్పృహ తప్పింది. 'షీ పాస్డ్ అవే' అంటే ఆమె చనిపోయింది. ఫోన్‌లో కంగారుగా ఉన్నప్పుడు ఈ తేడా తప్పక గుర్తుండాలి.

'హీ ఈజ్ త్రోయింగ్ అప్' అంటే అతనికి వాంతులవుతున్నాయి. 'ద ఫీవర్ హ్యాజ్ గాన్ డౌన్' అంటే జ్వరం తగ్గింది.

ఉద్యోగంలో

'ఫిల్ ఇన్ ద ఫారం' అంటే ఫారం నింపండి. 'దే టర్న్డ్ డౌన్ మై అప్లికేషన్' అంటే నా దరఖాస్తును తిరస్కరించారు. ఇదే టర్న్ డౌన్ ఇంట్లో అయితే సౌండ్ తగ్గించడం: 'టర్న్ డౌన్ ద టీవీ'. ఏ అర్థమో పక్కనున్న మాటను బట్టే తెలుస్తుంది.

గల్ఫ్‌లోనో ఇక్కడో పనిచేసేవాళ్లు లెయిడ్ ఆఫ్ అనే మాటను బాగా తెలుసుకోవాలి. 'ఐ వాజ్ లెయిడ్ ఆఫ్' అంటే కంపెనీలో పని లేకో, ఖర్చు తగ్గించుకోవడానికో ఉద్యోగం తీసేశారని. 'ఐ వాజ్ ఫైర్డ్' అంటే మామూలుగా మన తప్పు వల్ల తీసేశారని వినిపిస్తుంది. కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటిది చెప్పాల్సిన చోట రెండోది చెబితే మన పేరు మనమే చెడగొట్టుకున్నట్టు.

'ఇట్', 'హిమ్' ఎక్కడ పెట్టాలి?

'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్', 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్' రెండూ సరైనవే. ఫ్యాన్ బదులు ఇట్ వస్తే మాత్రం మధ్యలోనే ఉండాలి: 'టర్న్ ఇట్ ఆఫ్'. 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పు.

కొన్ని జంటలు విడిపోవు. 'లుక్ ఆఫ్టర్ హిమ్' అంటే అతన్ని చూసుకో. ఇక్కడ 'లుక్ హిమ్ ఆఫ్టర్' అనకూడదు. లుక్ ఫర్ అంటే వెతకడం. అదీ విడిపోదు.

కాలాన్ని బట్టి క్రియ మాత్రమే మారుతుంది, చిన్న మాట మారదు: గివ్ అప్, గేవ్ అప్, గివెన్ అప్.

మన ఇళ్లలో వినిపించే పొరపాట్లు

'లైట్ బంద్ కరో' అని అలవాటు కాబట్టి పిల్లలు 'క్లోజ్ ద లైట్' అనేస్తారు. 'టర్న్ ఆఫ్ ద లైట్' అనాలి.

'గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్' కాదు, 'గెట్ ఆఫ్ ద బస్'. కారు అయితే 'గెట్ అవుట్ ఆఫ్ ద కార్'.

'కోప్ అప్ విత్' అనే మాట లేదు. 'కోప్ విత్' చాలు.

'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2015' అంటే మన దగ్గర డిగ్రీ అయిపోయిందని అర్థమవుతుంది. విదేశాల్లో చాలామంది స్పృహ తప్పారనుకుంటారు. 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2015' అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

ఎలా నేర్చుకోవాలి?

వంద మాటల జాబితా బట్టీ పడితే వారంలో మరిచిపోతాం. రోజుకు రెండు చాలు. ఒక్కో దానితో మీ ఇంటికి సంబంధించిన వాక్యం చేయండి. గ్యాస్ అయిపోతే 'వీ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ గ్యాస్', బండి ఆగిపోతే 'ద బైక్ బ్రోక్ డౌన్' అనండి. పిల్లల చేత చెప్పించండి, మీరూ చెప్పండి. మెసేజ్‌లో తెలియని జంట కనిపిస్తే విడివిడిగా అర్థం లాగకండి. రెండు మాటలూ కలిపి డిక్షనరీలో వెతకండి. ఆ ఒక్క నిమిషం బద్ధకిస్తే సోమవారం మీటింగ్ పోతుంది.