నామపూరణమున బడిభేదము

కంప్యూటరు ఎడిటరులో ఒక ఫైలు పేరునకుగాని, తెరచియున్న పుట పేరునకుగాని మొదటి రెండు మూడక్షరములు కొట్టి టాబ్ మీట నొక్కినంతనే తక్కిన భాగమును యంత్రమే నింపు సదుపాయమునకు నామపూరణమని పేరు. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరముల నొక్కటిగానే యెంచి నింపుట బడిభేద నిరపేక్ష నామపూరణము. రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో రచింప నారంభించిన గ్నూ ఈమాక్స్‌లో ఈ విషయమున మూడు అమరికలు వేరువేరుగా నున్నవి: సామాన్య నామములకొకటి, తెరచిన పుటలకొకటి, ఫైళ్ళకొకటి. వీనిలో మొదటి రెండును సహజముగా నిష్క్రియములు. మూడవది విండోస్, మాక్ యంత్రములలో మాత్రము, అచ్చటి ఫైలువ్యవస్థ సాధారణముగా బడిభేదమును పాటింపనందున, ఆరంభమునుండియే సక్రియము.

ఇంగ్లీషు రచయితకు ఉపకారకమైన ఈ ఔదార్యము రోమను లిపిలో తెలుగు వ్రాయువానికి అపకారకమగుట విచారణీయము. 1990ల దశకమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ విధానమున చిన్న టీ తకారము, పెద్ద టీ టకారము. చిన్న ఎల్ లకారము, పెద్ద ఎల్ ళకారము. అనగా ఇంగ్లీషునకు అలంకారప్రాయమైన బడిభేదము ఇచ్చట ధ్వనిభేదమే యైనది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వ్యాపారి యొకడు తన లెక్కల పుటలకు ఈ పద్ధతిలో పేర్లు పెట్టెననుకొందము. పత్తికిని పట్టికిని, వేలము పాటకును పాత బాకీలలోని పాతకును, గుంటూరు మిర్చి యార్డులో రంగు వెలిసి తక్కువ ధర పలుకు తాలు కాయలకును మూటలు గట్టు తాళ్ళలోని తాళునకును రోమను రూపమున బడి తప్ప వేరు భేదము లేదు. పుటల అమరికను సక్రియము చేసి, పట్టి యను పుట మాత్రమే తెరచియుండగా పత్తి యను క్రొత్త పుటను ప్రారంభింపగోరి సంపూర్ణముగా ఆ పేరు కొట్టి ఎంటర్ నొక్కినను, ఈమాక్స్ బడి సవరించి పట్టి పుటనే తెరచును. రెండును తెరచియున్నచో, కొట్టిన రూపముతో అక్షరమక్షరము సరిపోవుదానికి ప్రాధాన్యమిచ్చును గాని, మొదటి రెండక్షరములు మాత్రమే కొట్టి నింపుమన్నపుడు అవి రెంటికిని సమానములగుటచే ఏదో యొకదాని రూపమున చివరివరకు నింపును. ధనముతో కూడిన లెక్కలలో ఇట్టి మౌనసవరణము చిన్న దోషము కాదు.

పేర్లను తెలుగు లిపిలోనే ఉంచుట సులభమైన నివారణము. యూనికోడ్‌లో 0సీ00 మొదలు 0సీ7ఎఫ్ వరకు గల తెలుగు అక్షరములకు బడులు లేవు గనుక అమరిక ఏదైనను ఫలితమొక్కటియే. ఈమాక్స్‌లోనే ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులలో తెలుగు టైపు చేయు ఏర్పాటు కలదు. అయితే గుంటూరు సమీపమున లాం వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొందిన ఎల్‌సీఏ 334 వంటి మిరప రకముల పేర్లు ఇంగ్లీషు అక్షరములతోనే వ్యవహరింపబడుచున్నవి; వానిని ఒకరు పెద్దబడిలోను, మరియొకరు చిన్నబడిలోను కొట్టుదురు గావున, అట్టి పేర్లు గల ఫైళ్ళకు భేదనిరపేక్షత నిజముగా మేలు చేయును. ఫైళ్ళ అమరికను సక్రియముగను, పుటల అమరికను నిష్క్రియముగను ఒకే యంత్రమున ఉంచుకొనవచ్చును.