తూకానికి రాని ఆకు

మార్చిలో గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లినవాళ్లకి ఆ ఘాటు తెలుసు. గేటు ఇంకా దూరంగా ఉండగానే కళ్లు మండుతాయి, గొంతులో గరగర మొదలవుతుంది. మా తాత టిక్కీలు, అంటే మిరప బస్తాలు, కాటా పెట్టించి, చీటీ పైజేబులో పెట్టుకుని రాత్రికి ఊరు చేరేవాడు. వస్తూనే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. చీకటి పడ్డాక తులసి కొయ్యకూడదు గనుక నాయనమ్మ పొద్దు వాలకముందే నాలుగు రెబ్బలు తుంచి రాగి చెంబులో నీళ్లు పోసి ఉంచేది. తాత ఆ నీళ్లు తాగి, ఆకు నమిలి, గొంతు సవరించుకున్నాక గానీ ధర ఎంత పలికిందో చెప్పేవాడు కాదు.

మా సీమలో పండిన ప్రతిదీ కాటా ఎక్కుతుంది. పత్తి, మిరప, పొగాకు, శనగ, ఏదైనా అంతే. తులసి మాత్రం ఊళ్లో ఎవరూ తూచి అమ్మగా నేను చూడలేదు. మిరపకాయ మన నేలకు వచ్చి ఐదు వందల ఏళ్లు, అదీ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద. తులసి అంతకంటే ఎంతో ముందు నుంచీ వాకిట్లో ఉంది.

చీరాల దాటి చినగంజాం వైపు వెళితే మోటుపల్లి వస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడిదే. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునే రోజులవి. తాను ఆ పని చేయననీ, ముప్పయ్యింట ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటాననీ రాజు సముద్ర వ్యాపారులకు మాటిచ్చాడు. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది, ముత్యాలు, ఏనుగు దంతం, మిరియాలు అంటూ సరుకుల పేర్లు కూడా చెక్కించాడు. ఆ పట్టీలో పరిమళాలదే పెద్ద పీట. నూటయాభై ఏళ్ల తర్వాత కొండవీటిలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధాలు సమకూర్చిన అవచి తిప్పయ్యశెట్టి కూడా కర్పూరం, కస్తూరి దూరదేశాల నుంచే తెప్పించాడు. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఈ శెట్టికే. మోటుపల్లి సుంకాల పట్టీలో తులసి పేరు లేదు. పెరట్లో దొరికే ఆకుకు ఓడెందుకు, సుంకమెందుకు?

ఆ ఆకును తక్కెడలో పెట్టి చూపించింది మన నాటకం. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు, తెనాలి రామవిలాస సభ వారితో కలిసి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ వేషం కట్టేవారు. ముత్తరాజు సుబ్బారావు రాసిన నాటకమది. సత్యభామ నగలన్నీ తెచ్చి పోసినా కృష్ణుడు కూర్చున్న తట్ట పైకి లేవదు. చివరికి రుక్మిణి ఒక్క తులసి దళం వేస్తుంది, తట్ట తూగుతుంది. పత్తి తూకంలో తరుగు పోగొట్టుకుని వచ్చిన రైతు ఆ రాత్రి పందిరి కింద కూర్చుని ఈ ఘట్టం చూస్తే అతనికి ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. 1956లో స్థానం వారికి పద్మశ్రీ ఇచ్చారు.

కథలో అంత బరువైన మొక్క నేలలో చాలా సున్నితం. ఇది నాకు నష్టపోయాకే తెలిసింది. కొత్త ఇంట్లో తులసికోట కట్టించే ఓపిక లేక, శ్రావణంలో నేరుగా నల్లరేగడిలోనే తులసి నారు పెట్టాను. భాద్రపదం వచ్చేసరికి ఆకు పసుపుబారి వాలిపోయింది. పీకి చూస్తే వేరు నల్లబడి ఉంది, పైతోలు చేతికి ఊడి వచ్చింది. రేగడి పత్తికి తల్లిలాంటిది, తడిని గుండెల్లో దాచుకుంటుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. తులసికి వేరు దగ్గర నీరు నిలవకూడదు.

నాయనమ్మ కోట నాకు అప్పుడు అర్థమైంది. నడుమెత్తు కట్టడం, దీపానికి గూడు, నాలుగు వైపులా ముగ్గు, ఇవే నేను చూసేవాణ్ని. లోపలున్న మట్టి ఎన్నడూ చూడలేదు. రెండు తట్టలు ఎర్రమట్టి, తట్ట ఇసుక, తట్ట మాగిన పశువుల ఎరువు. ఎర్రమట్టి ఊళ్లోది కాదు, బండి కట్టించి తెప్పించుకునేది. రేగడి ఊళ్లలో కోట ఎత్తుగా కట్టడంలో భక్తి ఎంత ఉందో సేద్యం అంత ఉంది.

ఆదివారం, ద్వాదశి నాడు కొయ్యకూడదన్న కట్టుబాటు కూడా మొక్కకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. మిగతా రోజుల్లో చివుళ్లు తుంచుతుంటే పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. వెన్ను కనపడగానే నాయనమ్మ గిల్లేసేది. ఒక్క కొమ్మను మాత్రం విత్తనానికి వదిలేది. అది ఎండాక అరచేతిలో నలిపి, పొట్టు ఊదేస్తే ఆవగింజలో సగం కూడా లేని గింజలు మిగిలేవి. వాటిని ఇసుకలో కలిపి పైపైన చల్లి, చేత్తో నీళ్లు చిలకరించేది. లోతుగా పూడిస్తే మొలకరాదు. రోహిణి కార్తెలో రెండు పూటలా నీళ్లు, లేత నారుకైతే మధ్యాహ్నం కాస్త నీడ.

ఇటలీ వంటల పుణ్యమా అని ఇప్పుడు మిద్దెతోటల్లో బేసిల్ అంటూ పెంచుతున్న మొక్క మనకు కొత్తదేమీ కాదు. సోడా బండి దగ్గర నిమ్మ షర్బత్‌లో ఉబ్బి తేలే సబ్జా గింజ ఆ జాతి మొక్కదే. సబ్జా అన్నది పచ్చదనాన్ని చెప్పే పారశీక మాట, బేసిల్ అన్నది రాజును చెప్పే గ్రీకు మాట. ఆ మొక్కకు మన మే నెల ఎండ పడదు. దసరా వెళ్లాక చల్లితే సంక్రాంతి దాకా ఆకు చక్కగా వస్తుంది. గట్ల మీద కుక్కతులసి మాత్రం ఎవరూ చల్లకుండానే మొలుస్తుంది.

1987లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని తినేసింది. మందు మీద మందు కొట్టారు, దోమ చావలేదు, అప్పులు పెరిగి రైతులే ప్రాణాలు తీసుకున్నారు. మా ఇల్లు ఊరి చివర, దొడ్డి దాటితే పత్తి చేలు. గాలి ఇటు తిరిగిన పొద్దున మందు తుంపర వాసన వాకిలి దాకా వచ్చేది. నాయనమ్మ పాత చీర తడిపి కోట మీద కప్పేది. ఆ ఏడు చాలా రోజులు ఇంట్లో తీర్థంలో తులసి వెయ్యలేదు.

అదే తులసి ఇప్పుడు చేలోకే వెళ్తోంది. ప్రకృతి సేద్యం చేసే రైతులు దశపర్ణి కషాయంలో వేప, కానుగ, జిల్లేడుతో పాటు తులసి ఆకూ నానబెడుతున్నారు. తులసిలో ఉండే మిథైల్ యూజినాల్ పండుఈగ పోతులను లాగుతుంది కాబట్టి, మామిడి, జామ తోటల్లో నలిపిన ఆకును ఎరగా బుట్టల్లో వేలాడదీస్తారు.

మొన్న కార్తీకంలో ఊరెళ్లాను. వాయుగుండం వానకు దొడ్డంతా రేగడి బురద, అడుగు తీస్తే చెప్పు అక్కడే ఉండిపోతోంది. క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన ఉసిరి కొమ్మ నాటుదామని కోటలో చెయ్యి పెట్టి తవ్వాను. లోపల ఎర్రమట్టి వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలింది. మొదలు దగ్గర పడి మొలిచిన నారు కనిపిస్తే, పక్కింటి పిన్ని వచ్చి నాలుగు మొక్కలు మట్టితో సహా కొంగులో వేసుకుని వెళ్లింది.