వెన్నెముక నిరపాయపు ఎముక కంతులు

వెన్నుపూసల ఎముకలో పుట్టి, సాధారణంగా శరీరంలోని ఇతర భాగాలకు వ్యాపించని కంతులను వెన్నెముక నిరపాయపు ఎముక కంతులు అంటారు. ఇవి కాన్సర్ కావు. అయితే వెన్నెముక లోపల వెన్నుపాము, పక్కల నుండి నాడులు సాగుతాయి కనుక చిన్న కంతి సైతం తీవ్రమైన నొప్పిని, ఒక్కొక్కప్పుడు కాళ్ళ బలహీనతను కలిగించవచ్చు.

రకాలు

* హిమాంజియోమా: రక్తనాళాలతో ఏర్పడుతుంది. వీటిలో అన్నిటికంటె సాధారణమైనది. ఎక్కువమందిలో ఏ బాధా కలిగించదు; చికిత్స అవసరం ఉండదు.
* ఆస్టియాయిడ్ ఆస్టియోమా: దీనిని 1935లో అమెరికా వైద్యుడు హెన్రీ జాఫీ వర్ణించాడు. పిల్లలలోను, యువకులలోను ఎక్కువ. దీని కేంద్రభాగం సాధారణంగా 1.5 సెంటీమీటర్లకు మించదు.
* ఆస్టియోబ్లాస్టోమా: పైదానిని పోలినదే కాని పరిమాణంలో పెద్దది, పెరిగే స్వభావం కలది.
* ఎన్యురిస్మల్ బోన్ సిస్ట్, జయంట్ సెల్ ట్యూమర్: ఇవి ఎముకను తొలిచివేస్తాయి. రెండవది అరుదుగా ఊపిరితిత్తులకు వ్యాపిస్తుంది.

వ్యాధి నిర్ధారణ

హైదరాబాదులోని హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో కంప్యూటరు ముందు గంటల తరబడి పనిచేసే యువతకు నడుము నొప్పి వస్తే, కూర్చునే తీరే కారణమని భావించడం పరిపాటి. చాలావరకు అది నిజమే. అటువంటి నొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా నొప్పి మాత్రం రాత్రివేళ ఎక్కువై నిద్ర నుండి లేపుతుంది. ఆస్పిరిన్ వంటి మందులతో త్వరగా ఉపశమిస్తుంది. కంతిలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మందులు అరికట్టడమే అందుకు కారణం. చిన్న వయసులో నొప్పితో పాటు వెన్ను పక్కకు వంగితే ఈ కంతిని అనుమానించాలి.

సాధారణ ఎక్స్‌రేలో కంతి తరచు కనబడదు. దాని కేంద్రభాగాన్ని సీటీ స్కాన్, వెన్నుపాముపై ఒత్తిడిని ఎమ్మారై స్కాన్ బాగా చూపుతాయి. మనదేశంలో వెన్నెముక క్షయ కూడా ఉన్నందున, సందేహం కలిగినప్పుడు ముక్క తీసి పరీక్షిస్తారు.

చికిత్స

ఆస్టియాయిడ్ ఆస్టియోమా కొందరిలో మందులతోనే కాలక్రమేణా శమిస్తుంది. లేనిచో సీటీ సాయంతో సూదిని చొప్పించి, రేడియో తరంగాల ద్వారా సుమారు 90 డిగ్రీల సెల్సియస్ వేడితో కంతిని నిర్మూలిస్తారు. నాడులకు మరీ దగ్గరగా ఉంటే శస్త్రచికిత్స మేలు. కేంద్రభాగం కొంత మిగిలినా వ్యాధి తిరగబెట్టవచ్చు.

ఆస్టియోబ్లాస్టోమాను శస్త్రచికిత్సతో పూర్తిగా తొలగిస్తారు. రక్తస్రావం ఎక్కువగా ఉండే కంతులకు ముందుగా రక్తనాళాలను మూసివేస్తారు. ఎముకను ఎక్కువగా తీయవలసివస్తే స్క్రూలు, కడ్డీలతో వెన్నెముకను నిలబెడతారు. ఎదిగే వయసులో చికిత్స ఆలస్యమైతే వెన్ను వంపు స్థిరపడిపోవచ్చు. కనుక త్వరగా గుర్తించడం ముఖ్యం.

హైదరాబాదులో

పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) మొదట ఎముకల వైద్యశాలగానే ప్రారంభమైంది. ఇందులో ఎముకల, నాడీ శస్త్రచికిత్సా విభాగాలు రెండూ ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

* వెన్నెముక
* వెన్నుపాము
* క్షయ