పరస్పర అంగీకార విడాకులు

హిందూ వివాహ చట్టం (1955)లో 1976 సవరణతో చేరిన 13-బి సెక్షన్ కింద భార్యాభర్తలిద్దరూ కలిసి కోరే విడాకులివి. కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ, ఇక కలిసి బతకలేమని ఒప్పుకున్నవారు ఉమ్మడి పిటిషన్ వేయవచ్చు. ఒకరి తప్పును మరొకరు నిరూపించనక్కర్లేదు. ఆరు నెలల తర్వాత, 18 నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోర్టును కోరాలి. ఈ గడువు ఉత్త కాలయాపన కాదు, బలహీనపక్షానికి రక్షణ. అంగీకారం డిక్రీ దాకా నిలవాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, ఒత్తిడికి లొంగి సంతకం చేసినవారు ఈలోగా వెనక్కి తగ్గవచ్చు.

ఎప్పుడో విరిగిన కాపురానికి ఈ నిరీక్షణ శిక్షే కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే రాజీ యత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంరక్షణ తేలిపోయి, ఏడాదిన్నర ఎడబాటు తర్వాత వచ్చినవారికి ఆరు నెలల గడువును మినహాయించే విచక్షణ కోర్టుకు ఉందని 2017లో తీర్పు వచ్చింది. ఇద్దరూ ఒప్పుకున్నాక పెద్దమనుషుల ముందు రాసుకున్న స్టాంపు కాగితం చాలదా అని అడిగేవారున్నారు. చాలదు. ఆచారం ప్రకారం విడిపోవడాన్ని 29(2) సెక్షన్ గుర్తిస్తున్నా, ఆ ఆచారం ఉందని రుజువు చేయాలి. లేకుంటే పెళ్లి రద్దు కానట్టే, మరో పెళ్లి నేరమే. అంగీకారం స్వేచ్ఛగా ఇచ్చిందేనా అని కోర్టు తరచి చూడటంలోనే ఈ విధానం విలువ ఉంది.